చుక్క నిద్రపోతోంది, తలుపు తీయొద్దు

కుక్కపిల్లని తెచ్చుకోవడానికి పిల్లల సెలవులకి మించిన సమయం లేదని అందరూ అన్నారు. పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటారు, దానికి తోడు దొరుకుతుంది, వీళ్లు టీవీకి అతుక్కుపోకుండా ఉంటారు, ఒక్క దెబ్బకి రెండు పిట్టలు అన్నారు. ఏడేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు, రెండు నెలల కుక్కపిల్ల ఒకే హాల్లో ఉండగా సాయంత్రం ఆరింటికి మా ఇంటికొచ్చి చూసినవాళ్లు మాత్రం ఆ అన్నవాళ్లలో ఒక్కరూ లేరు.

సెలవులు మంచి సమయమే, కాదనను. కాకపోతే దానికి కారణం ఆటలు కాదు. పసి కుక్కపిల్లని మాటిమాటికీ బయటికి ఎత్తుకెళ్లే మనిషి ఇంట్లో ఉండాలి. రాత్రి రెండుసార్లు లేచినవాళ్లకి పొద్దున్నే స్కూల్ బ్యాగులు సర్దే హడావిడి ఉండకూడదు. ఈ రెండూ సెలవుల్లోనే కుదురుతాయి. ఆట సంగతి వేరు. ఆట ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా ఆయన స్నేహితుడి ఇంట్లో కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. ఆరు వారాలు నిండగానే తీసుకెళ్లిపొమ్మన్నారు. మేమే ఎనిమిది వారాలు నిండేదాకా ఉంచమని బతిమాలుకున్నాం. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉన్నప్పుడే కుక్కపిల్ల పళ్లని అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే పక్కది కుయ్యిమని ఆట మానేసి వెళ్లిపోతుంది. అదే దానికి మొదటి పాఠం. మనుషుల చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకోవచ్చో తర్వాత మనం నేర్పాలన్నా, ఆ పునాది ఉండాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లయితే ఈ రెండు వారాల దగ్గర అసలు తొందరపడకూడదని నా అభిప్రాయం. మా పిల్లలకి మాత్రం ఆ రెండు వారాలూ గోడ మీద క్యాలెండర్ చింపేసేంత కోపం తెప్పించాయి.

ఐదింట్లో ఒకటి మేం వెళ్లగానే అందరి మీదకీ ఎగిరింది. ఒకటి మూల నుంచి కదల్లేదు. పిల్లలకి ఎగిరేదే నచ్చింది, నాకు నచ్చలేదు. నెమ్మదిగా వచ్చి వాసన చూసి, వెళ్లిపోయి, చప్పట్లు కొడితే మళ్లీ వచ్చింది ఒకటి. నుదుటి మీద తెల్లటి చుక్క. దాన్నే తెచ్చుకున్నాం. మా అమ్మాయి రాకుమార్తెల పేర్లతో ఒక పేజీ నింపి పెట్టుకుంది. మావాడు "చుక్క" అన్నాడు. మా అత్తయ్య, "ఆ పొడుగు పేర్లు పిలిచేలోపు అది వీధి చివరికి పోతుంది, చుక్కే బావుంది" అని తీర్పు చెప్పేశారు.

తెచ్చే ముందు రోజు పిల్లలిద్దరినీ మోకాళ్ల మీద ఇల్లంతా తిప్పాను. "ఇప్పుడు మీరిద్దరూ కుక్కపిల్లలు. నోటికి అందేవన్నీ వెతికి ఈ డబ్బాలో వేయండి" అన్నాను. పెద్దవాళ్లం నిలబడి చూస్తే ఇల్లు శుభ్రంగానే ఉంది. వాళ్ల ఎత్తు నుంచి చూస్తే అదొక గని. ఊడిపోయిన బొమ్మకారు చక్రాలు, రబ్బర్లు, పూసలు, హెయిర్ క్లిప్పులు, జత లేని సాక్సులు, ఛార్జర్ వైరు, పాత బొమ్మలోంచి జారిపడిన బటన్ సెల్. ఆ ఆఖరిది చూసి నాకు గుండె జారింది. అది కుక్కపిల్ల మింగినా ప్రమాదమే, మావాడు మింగినా ప్రమాదమే. కుక్కపిల్ల రాకపోతే ఎన్నాళ్లు అక్కడే ఉండేదో. ఈ మధ్యలో చిన్నోడు సోఫా కింద దొరికిన క్రేయాన్ నోట కరుచుకుని మొరుగుతూ వచ్చాడు.

తర్వాత తిండి వస్తువులు పై అరలకి ఎక్కాయి. చాక్లెట్ కుక్కలకి విషమని చాలామందికి తెలుసు, అందులోని థియోబ్రోమిన్‌ని వాటి ఒళ్లు త్వరగా వదిలించుకోలేదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కిడ్నీలని దెబ్బతీస్తాయని, ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలని పాడుచేస్తాయని అంతమందికి తెలీదు. ఇంకా తెలియనిది జైలిటాల్ అనే, చక్కెరకి బదులు వాడే తీపి పదార్థం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో, కొన్ని టూత్‌పేస్టుల్లో ఉంటుంది, కుక్క తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. మా పిల్లల టూత్‌పేస్టు తిప్పి చూస్తే అందులో ఉంది. పళ్లు తోముకుంటూ ఇల్లంతా తిరిగే అలవాటు ఆ రోజుతో బంద్. తింటూ తిరగడం కూడా బంద్. ఏళ్లుగా నేను అరిచి సాధించలేనిది ఇంకా ఇంటికి రాని కుక్కపిల్ల సాధించింది.

మొదటి రాత్రి ఏడుస్తుందని తెలుసు. ఇంత ఏడుస్తుందని తెలీదు. అలవాటైపోతుంది, వేరే గదిలో పెట్టి తలుపేసెయ్యమని కొందరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. మొన్నటిదాకా నాలుగు వెచ్చటి ఒళ్ల మధ్య పడుకున్నదాన్ని చీకట్లో ఒంటరిగా పెడితే ఏం నేర్చుకుంటుంది, భయం తప్ప? దాని బోనుపెట్టె మా మంచం పక్కనే పెట్టాం. తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి తెచ్చుకున్నాం, అది లోపల వేశాం. మూలిగినప్పుడల్లా మా ఆయన మంచం మీంచి చెయ్యి కిందికి వేలాడేసి పెట్టెకి ఆనించేవారు. కాసేపటికి రెండు వైపుల నుంచీ గురక వినిపించేది.

కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, అన్ని గంటలపాటు ఆపుకోగలదని ఒక మోటు లెక్క ఉంది. రెండు నెలలదైతే మహా అయితే మూడు గంటలు, అదీ పడుకున్నప్పుడు. మెలకువగా ఆడుతున్నప్పుడు అరగంట కూడా గ్యారంటీ లేదు. అందుకే రాత్రిళ్లు అది ఏడవకముందే అలారం పెట్టుకుని లేచేవాళ్లం. ఏడిచాక తీసుకెళ్తే, ఏడిస్తే పని జరుగుతుందని నేర్చుకుంటుంది. లైట్లు వేయకుండా, మాట్లాడకుండా, ఆడించకుండా బయటికి తీసుకెళ్లడం, పని కాగానే తెచ్చి పడుకోబెట్టడం. రాత్రి బయటికెళ్లడం సరదా కాదని దానికి తెలిస్తే చాలు, నిద్ర కుదురుకుంటుంది.

పగలు ఆ కాపలా పిల్లలకి అప్పజెప్పాం. నిద్ర లేవగానే, తిన్న పావుగంటలోపు, ఆట ఆపగానే బయటికి తీసుకెళ్లాలి. ఈ మూడూ కాక, ఆడుతూ ఆడుతూ హఠాత్తుగా ముక్కు నేలకి ఆనించి గుండ్రంగా తిరిగిందంటే ఇక క్షణాలే. మా అమ్మాయి దీన్ని చాలా సీరియస్‌గా తీసుకుంది. పుస్తకంలో టైములు వేసి, రెండు రకాల రంగులతో గుర్తులు పెట్టేది. ఆ పుస్తకం చూశాకే నాకు ఒక సంగతి తెలిసింది. ఇంట్లో జరిగిన తడి అంతా ఇంచుమించు ఒకే వేళకి, పిల్లలు టిఫిన్ల దగ్గర ఉండి ఎవరూ దాన్ని చూడని వేళకి జరుగుతోంది. టిఫిన్లు అరగంట జరిపాం, సగం గొడవ పోయింది.

మావాడి పని అరవడం. "అమ్మా, తిరుగుతోందీ!" అన్న కేక వినపడగానే చేతిలో ఏమున్నా వదిలేసి పరుగు. బయట పని కానిచ్చిన వెంటనే, అంటే ఒకటి రెండు సెకన్లలో, మెచ్చుకుని చిన్న తిండిముక్క నోట్లో పెట్టాలి. లోపలికొచ్చాక పెడితే అది దేనికిచ్చారో దానికి అర్థం కాదు. ఇంట్లో పోసేసిందనుకోండి, తిట్టి లాభం లేదు. ముక్కు పట్టుకుని అందులో రాయడం లాంటి పాత మోటు పద్ధతులైతే మరీ దండగ. వాటి వల్ల మనుషులు చూస్తుండగా పొయ్యకూడదని మాత్రమే నేర్చుకుంటుంది, ఇకపై సోఫా వెనక్కి వెళ్లి పోస్తుంది. తుడిచేటప్పుడు అమ్మోనియా ఉన్న లిక్విడ్ వాడకూడదు, ఆ వాసన మూత్రం వాసనకి దగ్గరగా ఉండి మళ్లీ అక్కడికే పిలుస్తుంది. ఎంజైములున్న క్లీనర్ అయితే వాసనని మూలం నుంచీ తీసేస్తుంది.

ఈ మెచ్చుకోళ్ల వ్యవహారం ఇంకోవైపు తిరిగింది. ఒకరోజు మావాడు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, "నేనూ బయటే పోశాను, మరి నాకేదీ?" అని చెయ్యి చాపాడు.

నవ్వాం గానీ అందులో విషయం ఉంది. చుక్క వచ్చిన దగ్గర్నుంచి వాడు పాకడం మొదలుపెట్టాడు. కంచం నేల మీద పెట్టమనేవాడు. పిలిస్తే మొరిగేవాడు. ఇంట్లో అందరికంటే చిన్నవాడన్న హోదా ఒక్కరోజులో పోయింది మరి. దానికి మేం చేసిందల్లా ఒకటే. చుక్క పడుకున్నప్పుడు కాసేపు వాడికి మాత్రమే కేటాయించాం, ఆ సమయంలో కుక్క పేరెత్తకూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పడమో, వాడు కట్టిన బ్లాకుల మేడ చూడటమో. కొన్నాళ్లకి వాడే, "ఇవాళ చుక్క కథ చెప్పమ్మా" అన్నాడు.

ఇక కొరకడం. ఇల్లు ఇల్లంతా అల్లాడింది దీనితోనే.

కుక్కపిల్ల పాలపళ్లు సూదులు. పగలంతా బంగారంలా ఉండేది సాయంత్రమయ్యేసరికి పూనకం వచ్చినట్టు హాలు చుట్టూ గిరగిరా పరుగులు తీసేది. అడ్డొచ్చిన కాలి మడమ పట్టేది, అమ్మాయి గౌను అంచు పట్టుకుని లాగేది. అమ్మాయి కీచుమని అరిచి పరిగెత్తేది, చుక్క ఇంకా హుషారుగా వెంటపడేది. చిన్నోడు సోఫా ఎక్కి, "దాన్ని ఇచ్చేద్దాం" అని ఏడ్చేవాడు. ఊగే గౌను అంచు, పరిగెత్తే కాళ్లు, సన్నటి అరుపు, ఈ మూడూ కుక్కపిల్లకి "రా, పట్టుకో" అన్న పిలుపే. పిల్లలు భయపడి చేసే ప్రతి పనీ దానికి ఆటలాగే కనిపిస్తుంది.

చుక్కని చూసే పశువుల డాక్టర్ గారు చెప్పిన ఉపాయం, కదలకుండా నిలబడిపోవడం. మా ఇంట్లో అది స్టాచ్యూ ఆట అయింది. చుక్క పళ్లు తగిలాయా, "స్టాచ్యూ!" చేతులు కట్టుకుని, చూపు పైకి పెట్టి, మాట లేకుండా రాయిలా నిలబడాలి. కదలని మనిషితో కుక్కపిల్లకి ఆట రుచించదు. వదిలేయగానే పక్కనున్నవాళ్లు దాని తాడుబొమ్మ దాని ముందు పడేయాలి, నోటికి పని మనమే చూపించాలి. అమ్మాయి బాగానే పట్టుకుంది. చిన్నోడికి రాలేదు, స్టాచ్యూ అనగానే వాడికి నవ్వొస్తుంది, నవ్వితే ఒళ్లు ఊగుతుంది, చుక్క మళ్లీ పట్టుకుంటుంది. నాలుగేళ్లవాడి నుంచి అంత నిగ్రహం ఆశించడం కూడా అన్యాయమే. వాడి కోసం హాలుకీ వంటగదికీ మధ్య పిల్లల గేటు పెట్టాం. పూనకం వేళకి వాడు గేటుకి ఇవతల.

అయినా సాయంత్రాలు మారలేదు. ఇంకా ఎక్కువ ఆడిస్తే అలిసిపోయి పడుకుంటుందని మా ఆయన బంతి పట్టుకుని ఇంకో అరగంట పరిగెత్తించేవారు. ఎంత ఆడిస్తే అంత రెచ్చిపోయేది. ఇదంతా రెండు రోజులు గమనించిన మా అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నారు: "పసిదాన్ని పట్టుకుని పొద్దుట్నుంచీ ఒక్క కునుకు తీయనిచ్చారా మీరు? నిద్ర చాలకే ఆ కొరుకుడు. చిన్నప్పుడు మీ ఆయనా ఇంతే, నిద్ర ముంచుకొస్తే కరిచేవాడు."

డాక్టర్ గారిని అడిగితే ఆయనా అదే మాటన్నారు. ఈ వయసు కుక్కపిల్లకి రోజుకి 18 నుంచి 20 గంటల నిద్ర కావాలట. మా పుస్తకంలో లెక్క వేస్తే అందులో సగం కాస్త దాటుతోంది. పడుకోగానే ఎవరో ఒకరు వెళ్లి ముద్దుగా ఉందని నిమరడం, పక్కింటి పిల్లలు చూడ్డానికి రావడం, టీవీ, బొమ్మకార్ల రొద. స్కూళ్లున్న రోజుల్లో అయితే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇల్లు నిశ్శబ్దంగా ఉండి దానంతటదే పడుకునేది. సెలవుల్లో ఆ నిశ్శబ్దం మనమే ఏర్పాటు చేయాలి. సెలవుల్లో కుక్కపిల్లని తెచ్చుకునేవాళ్లకి ఎవరూ చెప్పనిది ఇదే. నన్నడిగితే మొట్టమొదట చెప్పాల్సిందీ ఇదే.

అప్పటినుంచి గంట మెలకువ, ఆ తర్వాత రెండు గంటల నిద్ర అన్న పద్ధతి పెట్టాం. బయటికి తీసుకెళ్లి, కాస్త తినిపించి, కాసేపు ఆడించి, మళ్లీ బయటికి తీసుకెళ్లి, మా గదిలో పెట్టెలో పడుకోబెట్టి కర్టెన్లు వేసేయడం. మొదట్లో కాసేపు గునిసేది, నమలడానికి ఏదైనా ఇస్తే నములుతూ నములుతూ కళ్లు మూసేసేది. అమ్మాయి ఒక బోర్డు రాసి తలుపుకి తగిలించింది: "చుక్క నిద్రపోతోంది, తలుపు తీయొద్దు." తమ్ముడికి చదవడం రాదని కింద కళ్లు మూసుకున్న కుక్క బొమ్మ వేసింది. వాళ్ల నాన్న ఫోన్లో గట్టిగా మాట్లాడినా వచ్చి వేలు నోటి మీద పెట్టేవారు ఇద్దరూ. రోజు తిరక్కుండానే కుక్క మారిపోయిందని చెప్పను. వారం గడిచేసరికి మాత్రం సాయంత్రం పూనకం పది నిమిషాలకి తగ్గింది, కొరికినా వెంటనే వదిలేస్తోంది. ఇంకో లాభం, ఆ నిశ్శబ్దంలో మావాడూ మధ్యాహ్నం పడుకోవడం మొదలుపెట్టాడు. వాడి సాయంత్రాలు కూడా మెరుగయ్యాయి. దాని గురించి అత్తయ్య ఏమీ అనలేదు, నావైపు ఒక చూపు చూశారంతే.

కుక్కకి నేర్పిన దానికంటే పిల్లల చేతులకి నేర్పిందే ఎక్కువ. ఎత్తుకోకూడదు, నేల మీద కూర్చుంటే అదే ఒళ్లోకి వస్తుంది. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకూడదు. మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకోకూడదు, మనకది ప్రేమే గానీ కుక్కకి బిగించి పట్టుకున్నట్టుంటుంది. నిమరాలనుకుంటే మూడు లెక్కపెట్టేదాకా ఛాతీ దగ్గర నిమిరి చెయ్యి తీసేయాలి. దగ్గరికి జరిగితే ఇంకా కావాలని, మొహం తిప్పుకుంటే వద్దని. ఈ పద్ధతి పిల్లలకి బాగా ఎక్కింది, అడిగి ముట్టుకున్నట్టుంటుంది కాబట్టి.

దాని భాష కూడా కొంత నేర్పాం. నిద్ర రాకపోయినా ఆవులించడం, ఊరికే పెదాలు నాక్కోవడం, తల తిప్పేసుకుని ఓరకంట కంటి తెలుపు కనిపించేలా చూడటం, ఒళ్లు బిగుసుకోవడం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అని చెప్పడమే. గుర్రుమంటే తిట్టకూడదు. గుర్రుమనడం హెచ్చరిక, దాన్ని తిట్టి మాన్పిస్తే హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. ఇవన్నీ నేర్పినా సరే, పెద్దవాళ్లు లేకుండా పిల్లల్నీ కుక్కపిల్లనీ ఒక గదిలో వదలం. ఎంత మంచి కుక్కైనా, ఎంత బుద్ధిమంతులైన పిల్లలైనా. ఇందులో మాత్రం నేను మొండిదాన్ని.

ఒకసారి బంతి లాక్కునే ఆటలో దాని పన్ను చిన్నోడి వేలికి గీసుకుపోయింది, సన్నగా రక్తం వచ్చింది. చిన్న గీతేలే అని వదిలేయలేదు. సబ్బుతో పావుగంట పాటు ధారగా పడే నీళ్ల కింద కడిగి, అదే రోజు డాక్టర్‌కి చూపించాం. రేబిస్ ఉందేమోనన్న అనుమానం ఉన్న జంతువుల కాట్లకి గురయ్యేవాళ్లలో 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక వైద్యం దాదాపు లేనట్టే, కాబట్టి చేయాల్సిందంతా ముందే చేయాలి. పిల్లలకి ఒకటే మాట చెప్పి ఉంచాం: ఏ కుక్క పన్ను తగిలినా, ఎంత చిన్న గీతైనా, తప్పు మీదైనా సరే వచ్చి చెప్పాలి, తిట్టం.

టీకాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వరసగా వేయించాలి. రేబిస్ టీకా సాధారణంగా మూడో నెల నిండాక. ఒక డోసు వేయించేశాం కదా అని మధ్యలో మానేస్తే లాభం లేదు, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఎప్పుడు పోతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందరూ భయపడేది పార్వో. 1978లో బయటపడి కొద్దికాలంలోనే ప్రపంచమంతా పాకిన వైరస్ అది, నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. అందుకే టీకాలు పూర్తయ్యేదాకా ఇతర కుక్కలు తిరిగే చోట చుక్కని నేల మీద దింపలేదు. పొట్టలో నులిపురుగులు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకి వస్తాయి, వాటి మందూ వయసుని బట్టి వరసగా పట్టాలి. ఆ పురుగుల గుడ్లు మనుషులకీ, ముఖ్యంగా మట్టిలో ఆడే పిల్లలకీ అంటుకోగలవు. మలంలో ఉన్న గుడ్లు అంటుకునే దశకి రావడానికి కొన్ని వారాలు పడుతుంది, వెంటనే ఎత్తి పారేస్తే సగం భయం తీరినట్టే. చేతులు కడుక్కోవడం మీద మా ఇంట్లో ఇంత చర్చ ఎప్పుడూ జరగలేదు.

ఈ టీకాల వల్లే సెలవుల ప్రయాణం మానుకున్నాం. పిల్లలు మూతి ముడుచుకున్నారు. దానికి బదులుగా దుప్పట్లూ కుర్చీలూ కలిపి హాల్లో గుడారం వేశాం. సెలవులు అయ్యేదాకా అది అలాగే ఉంది, దాటుకుంటూ తిరిగాం. టార్చి వెలుగులో గోడ మీద నీడలతో జంతువుల్ని చేయడం, వాటిని చూసి చుక్క తల వంచి ఆశ్చర్యపోవడం చూస్తుంటే ఏ ప్రయాణమూ గుర్తురాలేదు వాళ్లకి. నాకు గుర్తొచ్చింది, కానీ పైకి అనలేదు.

నేల మీద దింపకపోయినా లోకాన్ని చూపించాల్సిందే. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1940ల నుంచి ఏళ్ల తరబడి కుక్కపిల్లల ఎదుగుదలని గమనించారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా వాటికి కొత్తవాటిని అలవాటు చేసుకునే తలుపు తెరిచి ఉంటుందని తేల్చారు. ఆ తర్వాత కొత్తది ఏది కనిపించినా ముందు భయమే కలుగుతుంది. అందుకని రోజూ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎక్కడో ఒక బెంచీ మీద కూర్చునేవాళ్లం. అమ్మాయి "చుక్క చూసినవి" అని ఇంకో పుస్తకం పెట్టింది. గొడుగు, హెల్మెట్, గడ్డమున్న తాతగారు, చక్రాల కుర్చీ, బస్సు, ఏడ్చే పాపాయి. ఇంట్లో మిక్సీ మోత, డ్రిల్లింగ్ మిషన్ దూరంగా, ఉరుముల శబ్దం ఫోన్లో చిన్నగా. ఏదైనా చూసి వెనక్కి తగ్గితే మేమూ వెనక్కి జరిగేవాళ్లం. బలవంతంగా దగ్గరికి తీసుకెళ్తే అలవాటు కాదు, బెదురు ముదురుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన సెలవు ఆట బంతులది. గడ్డిలో ఎర్ర బంతి విసిరితే చుక్క కళ్ల ముందే ఉన్నా వెతుక్కునేది. దానికి చూపు సరిగ్గా లేదేమోనని మావాడు బెంగపెట్టుకున్నాడు. కుక్కల కంట్లో రంగుల్ని పట్టే కణాలు రెండు రకాలే ఉంటాయి, మనకి మూడు. నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపూ ఆకుపచ్చా ఇంచుమించు ఒకేలా మసగ్గా కనిపిస్తాయి. అమ్మాయి ఎర్ర బంతి, నీలం బంతి చెరి పదిసార్లు విసిరి పట్టిక వేసింది. నీలమే గెలిచింది. చిన్నోడు తర్వాత ఒక ఎరుపు చొక్కా వేసుకుని గడ్డిలో పడుకుని, "నేను కనపడను" అన్నాడు. చుక్క వాసన పట్టి నేరుగా వెళ్లి మొహం నాకింది. అలా దాగుడుమూతలు మొదలయ్యాయి. ఒకరు దాన్ని పట్టుకుంటారు, ఇంకొకరు దాక్కుని ఒక్కసారి పేరు పెట్టి పిలుస్తారు. పిలిస్తే రావడం అనే కష్టమైన పాఠం అది ఇలా ఆటలోనే నేర్చేసుకుంది, ఎవరూ నేర్పినట్టు తెలీకుండా. ఎండ ఎక్కువున్న రోజు మాత్రం ఆటలు ఇంట్లోనే. అరచేతి వెనక భాగం నేలకి ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

స్కూళ్లు తెరిచే ముందు ఇంకో టెన్షన్. ఇన్ని వారాలూ దాని చుట్టూ ఇంత సందడి ఉండి, ఒక పొద్దున అందరం ఒక్కసారి మాయమైతే? అత్తయ్య ఇంట్లో ఉన్నా ఆవిడ పనుల మీద బయటికెళ్తారు. అందుకని సెలవులు అయిపోకముందే ఒంటరితనం అలవాటు చేశాం. మొదట గేటు అవతలికి వెళ్లి వెంటనే రావడం. తర్వాత నిమిషం, ఐదు నిమిషాలు, ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ. వెళ్లేటప్పుడు టాటాలు, వచ్చాక హడావిడి పలకరింపులు లేవు. కుక్కలు మన సన్నాహాలనే పసిగడతాయి, తాళాల గలగల, బూట్లు, బ్యాగులు. అందుకని పిల్లలు సెలవుల్లోనే బూట్లు తొడుక్కుని, బ్యాగులు తగిలించుకుని సోఫాలో కూర్చుని బొమ్మలు వేసుకునేవారు. పొరుగింటావిడ కిటికీలోంచి చూసి, "స్కూళ్లు తెరిచేశారా?" అని కంగారుగా అడిగారు.

తెరిచిన రోజు అత్తయ్యని ఫోన్లో ఎలా ఉందని అడిగితే, "పడుకుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంది, నన్నూ పడుకోనివ్వు" అన్నారు.

ఇప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి. చాలావరకు అవి మింగేస్తుంది, మనకి కనపడవు. ఒకటి మాత్రం తాడుబొమ్మలో చిక్కుకుని బియ్యపు గింజంత మెరుస్తూ కనిపించింది. అదే వారం మా అమ్మాయికీ ముందు పన్ను ఊడింది. రెండూ ఒకే డబ్బాలో పెట్టుకుంది. ఎన్ని ఊడతాయి, ఎన్ని వస్తాయని అడిగింది. నీకు 20 పోయి 32 వస్తాయి, చుక్కకి 28 పోయి 42 వస్తాయని చెప్పాను. చాలాసేపు లెక్క వేసుకుని, "అంటే దానికి నాకంటే పది ఎక్కువా? అది అసలు తోముకోదు కూడా!" అంది. కుక్కలకీ పళ్లు తోమాలని, దానికి వేరే పేస్టు ఉంటుందని చెప్పాను. ఆ పని ఇప్పుడు మావాడు తీసుకున్నాడు, అక్క పుస్తకంలో ఒక కొత్త రంగు గుర్తు చేరింది.